లోటు పూడ్చే భారం ఎవరి భుజాల మీద?

బడ్జెట్ దగ్గరపడిన ప్రతిసారీ ఒక ప్రశ్న చర్చకు వస్తుంది. ప్రభుత్వానికి రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ తేడాను పూడ్చడానికి కోట్లు గడిస్తున్నవారి మీద పన్ను పెంచితే సరిపోదా? సరిపోతుందని కొందరు గట్టిగా చెబుతారు. అలా పిండితే సంపన్నులు డబ్బు మూటకట్టుకొని దేశం దాటిపోతారని, వచ్చే పన్ను కూడా రాకుండా పోతుందని మరికొందరు హెచ్చరిస్తారు. టీవీ చర్చల్లో ఈ రెండు వాదనలూ గొంతు చించుకుంటాయి. అంకెలు తీసి చూపించేవారు మాత్రం తక్కువ.

మా అభిప్రాయం ముందుగానే చెబుతాం. అధిక ఆదాయవర్గాలపై పన్నుతో లోటు తగ్గించవచ్చు, కానీ పూర్తిగా తుడిచివేయలేం. ఎంత తగ్గుతుందన్నది కాగితం మీద రాసిన రేటు కంటే, ఆ పన్ను ఏ ఆదాయాన్ని పట్టుకుంటుందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. విశ్వాసులమైన మనం మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఉన్నవారి దగ్గర తీసుకోని రూపాయి గాలిలోంచి రాదు. దాన్ని మరొకరి జేబులోంచి తీస్తారు. ఆ మరొకరు ఎవరన్నదే న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

నూరు రూపాయల లెక్క

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలు చూద్దాం. మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అప్పులు కాకుండా వచ్చే రాబడి 34.96 లక్షల కోట్లు. మిగిలిన 15.69 లక్షల కోట్లు ద్రవ్యలోటు, అంటే స్థూల దేశీయోత్పత్తిలో 4.4 శాతం. ఇంటి లెక్కలో చెప్పుకుంటే, నూరు రూపాయలు ఖర్చు పెట్టే ప్రభుత్వం 69 రూపాయలు సంపాదించి 31 రూపాయలు అప్పు తెస్తోంది. ఆ నూరులో దాదాపు 25 రూపాయలు పాత అప్పుల వడ్డీకే పోతున్నాయి. వడ్డీ మొత్తం 12.76 లక్షల కోట్లు.

ఇక పన్ను వైపు చూద్దాం. అదే ఏడాది వ్యక్తిగత ఆదాయపు పన్ను ద్వారా వస్తుందని అంచనా వేసినది 14.38 లక్షల కోట్లు. చిన్న ఉద్యోగి నుంచి పెద్ద పారిశ్రామికవేత్త వరకు కట్టే మొత్తం ఇదే. దీన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసినా 15.69 లక్షల కోట్ల లోటు పూడదు. పైగా వసూలైన పన్నులో రాష్ట్రాలకు వాటా ఇవ్వాలి. అలాంటప్పుడు పైవరుసలో ఉన్న కొద్దిమంది మీద మాత్రమే పన్ను పెంచి మొత్తం లోటును మాయం చేయవచ్చన్న మాట నిలబడదు. 140 కోట్ల జనాభా ఉన్న దేశంలో 2023 డిసెంబరు 31 నాటికి ఆ ఏడాదికి దాఖలైన ఆదాయపు పన్ను రిటర్నులు 8.18 కోట్లు. వాటిలోనూ చాలామంది కట్టాల్సిన పన్ను సున్నా. పునాది అంత ఇరుకైనది.

అయితే ఇక్కడితో ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. లోటులోంచి వడ్డీని పక్కనపెడితే మిగిలేది 2.93 లక్షల కోట్లు. దీన్ని ప్రాథమిక లోటు అంటారు. ఇది జీడీపీలో దాదాపు 0.8 శాతం. అప్పులపాలైన కుటుంబం కుదుటపడాలంటే తొలిమెట్టు ఏమిటి? పాత వడ్డీల సంగతి తర్వాత, ముందు ఈ ఏడాది ఖర్చు ఈ ఏడాది సంపాదనకు సరిపోవాలి. ప్రాథమిక లోటును సున్నాకు తేవడమంటే అదే. ఆ పరిమాణంతో పోల్చినప్పుడు పన్ను నిర్ణయాలు చిన్నవేమీ కావు. 2019లో కంపెనీ పన్ను తగ్గించినప్పుడు వదులుకునే ఆదాయం ఏటా 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. 2025లో ఏటా 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి పన్ను లేకుండా చేసి, స్లాబులు మార్చినప్పుడు వదులుకున్నది దాదాపు లక్ష కోట్లు. కాబట్టి కొండ మొత్తం కదలకపోయినా, పన్నుతో కదిలించగల బండలు ఉన్నాయి.

రేటు పెంచితే రాబడి పెరుగుతుందా?

దీనికి మన దేశ చరిత్రలోనే పాఠం ఉంది. 1973-74లో మన దేశంలో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. పై స్లాబులో సంపాదించిన ప్రతి నూరు రూపాయల్లో రెండున్నర రూపాయలు కూడా మిగలవు. ఖజానా నిండిపోవాలి కదా? నిండలేదు. నల్లధనం పెరిగింది. రశీదులు లేని వ్యాపారం, బినామీ ఆస్తులు అలవాటయ్యాయి. పన్ను ఎగవేతకు ఈ రేట్లే ఒక ముఖ్య కారణమని 1971లో నివేదిక ఇచ్చిన వాంఛూ కమిటీ అప్పటికే తేల్చి చెప్పింది. ఆ తర్వాత రేట్లు మెట్టుమెట్టుగా దిగాయి. 1985లో వి.పి. సింగ్ గరిష్ఠ రేటును 50 శాతానికి తెచ్చారు. 1997లో చిదంబరం 30 శాతం చేశారు.

ఫ్రాన్స్ అనుభవమూ ఇలాంటిదే. పది లక్షల యూరోలు దాటిన ఆదాయంపై 75 శాతం పన్ను వేస్తానని అధ్యక్షుడు ఫ్రాంస్వా ఒలాండ్ 2012 ఎన్నికల్లో వాగ్దానం చేశారు. రాజ్యాంగ మండలి మొదటి రూపాన్ని కొట్టేసింది. దాన్ని యజమాన్య సంస్థలు కట్టే పన్నుగా మార్చి 2013, 2014 ఆదాయాలపై వసూలు చేశారు. రెండేళ్లలో వచ్చినది సుమారు 42 కోట్ల యూరోలు. అక్కడి బడ్జెట్ లోటేమో ఏటా ఎనిమిది వేల కోట్ల యూరోల చుట్టూ ఉంది. పన్ను గడువు తీరాక ఎవరూ పొడిగించలేదు.

వీటిని చూపించి, ధనవంతులపై పన్ను వేస్తే ఫలితం శూన్యమని తీర్పు చెప్పేవారు అమెరికా 1993 సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది అధ్యక్షుడు బిల్ క్లింటన్ గరిష్ఠ రేటును 31 శాతం నుంచి 39.6 శాతానికి పెంచారు. సెనేట్‌లో ఓట్లు సమానం కాగా ఉపాధ్యక్షుడి ఓటుతో ఆ బిల్లు గట్టెక్కింది. ఆర్థిక వ్యవస్థ కూలిపోతుందని ప్రతిపక్షం శపించింది. కూలిపోలేదు. 1992లో 29,000 కోట్ల డాలర్లున్న లోటు ఏటేటా తగ్గి 1998లో మిగులుగా మారింది. 1969 తర్వాత అమెరికా ఖజానాలో మిగులు కనిపించడం అదే మొదటిసారి. ఆ ఘనత పన్నుకే దక్కదు. అప్పట్లో కంప్యూటర్, ఇంటర్నెట్ రంగాలు పరుగులు తీశాయి, స్టాక్ మార్కెట్ ఉప్పొంగింది, ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి రక్షణ ఖర్చు తగ్గింది, ప్రభుత్వ ఖర్చుపై చట్టపరమైన పరిమితులూ ఉన్నాయి. 2001 తర్వాత పన్నులు తగ్గించి, యుద్ధాలకు దిగాక ఆ మిగులు మళ్లీ లోటైంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేలేది ఇది. గొంతు నులిమే రేటు వేస్తే ఆదాయం దాక్కుంటుంది. అతి కొద్దిమందికే పరిమితమైన పన్ను పేరుకే పెద్దది. భరించగలిగే రేటు విశాలమైన ఆదాయం మీద పడి, ఖర్చులో క్రమశిక్షణ కూడా తోడైతే లోటు తగ్గుతుంది.

పట్టుబడే ఆదాయం, జారిపోయే ఆదాయం

మన దేశంలో ఇప్పుడున్న చిక్కు రేటు తక్కువ కావడం కాదు. 2019 జులై బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అయిదు కోట్లు దాటిన ఆదాయంపై సర్‌చార్జీని 37 శాతం చేశారు. దానితో గరిష్ఠ రేటు 42.74 శాతానికి చేరింది. ఏం జరిగింది? విదేశీ మదుపరులు షేర్లు అమ్ముకోవడం మొదలుపెట్టారు. రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 23న, షేర్ల లాభాలకు ఆ పెంపు వర్తించదని ప్రకటించారు. సెప్టెంబరు 20న కంపెనీ పన్నును 22 శాతానికి దించారు. 2023లో కొత్త పన్ను విధానంలో సర్‌చార్జీ గరిష్ఠంగా 25 శాతమే అన్నారు. గరిష్ఠ రేటు 39 శాతానికి తగ్గింది.

ఈ 39 శాతం నిజంగా ఎవరి మీద పడుతుంది? ప్రధానంగా పెద్ద జీతాలు, వృత్తి, వ్యాపార ఆదాయాలు చూపించేవారి మీద. అత్యంత సంపన్నుల సంపద ఎక్కువగా జీతం రూపంలో ఉండదు, షేర్ల రూపంలో ఉంటుంది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన షేర్లను ఏడాదికి మించి ఉంచుకొని అమ్మితే వచ్చే లాభంపై పన్ను 2024 జులై నుంచి 12.5 శాతం. దానిపై సర్‌చార్జీ ఎంత పెద్ద మొత్తానికైనా 15 శాతం మించకూడదు. సెస్సు కలిపినా 14.95 శాతమే. అంటే ఏటా 30 లక్షల జీతం తీసుకునే ఇంజనీరు తన చివరి రూపాయి మీద 31 పైసలకు పైగా కడుతుంటే, ఆరు కోట్ల షేర్ల లాభం గడించినవారు రూపాయికి 15 పైసలు కడుతున్నారు. అమ్మకుండా ఉంచుకుంటే అదీ లేదు. వారసులకు ఇస్తే అసలే లేదు, ఎందుకంటే వారసత్వ పన్నును 1985లోనే ఎత్తివేశారు.

దీనికి ఎదుటివారి జవాబు కూడా వినాలి. షేరు వెనుక ఉన్న కంపెనీ తన లాభంపై అప్పటికే పాతిక శాతం వరకు పన్ను కట్టింది కదా అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. చిన్న మొత్తాలు మదుపు చేసుకునే ఉద్యోగులకు, పింఛనుదారులకు తక్కువ రేటు ఉండాల్సిందే. అయితే కోట్లలో లాభం వచ్చిన చోట సర్‌చార్జీకి ప్రత్యేకంగా గొడుగు పట్టడానికి ఆ కారణం చాలదు.

ఆస్తి మీద పన్ను వేయాలన్న సూచన తరచూ వినిపిస్తుంది. అదీ మనం చూసినదే. సంపద పన్ను ద్వారా 2013-14లో వచ్చినది 1,008 కోట్లు. వసూలు ఖర్చు, వ్యాజ్యాలు ఎక్కువ, రాబడి తక్కువ అని 2015లో అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేసి, కోటి దాటిన ఆదాయంపై 2 శాతం అదనపు సర్‌చార్జీ వేశారు. దాని నుంచి అంచనా వేసిన రాబడి 9,000 కోట్లు. ఆ పాత పన్ను షేర్లను వదిలేసి నగలు, కార్లు, అదనపు ఇళ్ల వెంట పడింది. పెద్ద చేపలున్న చెరువు వదిలి కుంటలో వల వేసినట్టైంది. పన్ను పేరు ఎంత గంభీరంగా ఉన్నా, సంపద ఉన్న చోట లేకపోతే ఖజానాకు చేరేది ఇంతే.

రాష్ట్రాల వాటా సంగతి

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. కేంద్రం వసూలు చేసే ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఆ వాటాను 41 శాతంగా నిర్ణయించింది. అందులో ఆంధ్రప్రదేశ్‌ది 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. కానీ రాజ్యాంగం ప్రకారం సర్‌చార్జీ, సెస్సు మొత్తం కేంద్రానివే. వాటిలో రాష్ట్రాలకు పైసా రాదు.

దీని అర్థం ఏమిటి? హైదరాబాదులో కోట్ల జీతం తీసుకునే అధికారి మూలపన్నుగా కట్టే నూరు రూపాయల్లో 41 రూపాయలు అన్ని రాష్ట్రాలకు పంచితే, ఆంధ్రకు సుమారు 1.66 రూపాయలు, తెలంగాణకు 86 పైసలు వస్తాయి. అదే నూరు రూపాయలు సర్‌చార్జీగా కడితే రెండు రాష్ట్రాలకూ సున్నా. ధనవంతులపై పన్ను పెంచుతున్నామని కేంద్రం ఎన్నడు చెప్పినా అది సర్‌చార్జీ రూపంలోనే జరుగుతోంది. ఢిల్లీ లోటు కొంత తగ్గుతుంది, రాష్ట్రాల లోటు అలాగే ఉంటుంది.

అప్పుడు రాష్ట్రాలు ఏం చేస్తాయి? వాటి చేతిలో మిగిలిన వనరులు కొన్నే. పెట్రోలు, డీజిల్‌పై వ్యాట్, రిజిస్ట్రేషన్ చార్జీలు, అన్నిటికీ మించి మద్యం. పార్టీ ఏదైనా, జెండా రంగు ఏదైనా, ఖజానా ఖాళీ అయినప్పుడు చూపు మద్యం దుకాణం వైపే మళ్లుతుంది. ఊరూరా బెల్టు షాపుల వల్ల కూలిపోయిన సంసారాలను మన కాపరులు ప్రతి వారం చూస్తున్నారు. కూలి డబ్బు సాయంత్రానికి సీసాలో కరిగిపోతే, ఆ సీసా మీద పన్ను పింఛన్ల పద్దులో చేరుతుంది. తండ్రి తాగిన డబ్బుతో పిల్లలకు పథకాలు నడపడం సంక్షేమం కాదు.

తీసుకోనిది ఎవరి దగ్గర తీశారు?

ఈ వ్యాసానికి అసలు ప్రాణం ఇక్కడుంది. 2018-19లో 6.64 లక్షల కోట్లున్న కంపెనీ పన్ను వసూళ్లు, రేటు తగ్గించిన 2019-20లో 5.57 లక్షల కోట్లకు పడిపోయాయి. 3.3 శాతం అనుకున్న ద్రవ్యలోటు 4.6 శాతానికి చేరింది. మందగమనం కూడా ఒక కారణమే. తర్వాతి సంవత్సరాల్లో లాభాలు పెరిగి ఆ వసూళ్లు కోలుకున్న మాటా నిజమే. కానీ ఆ మధ్యలో ఏం జరిగింది? కొవిడ్ వచ్చింది. ప్రపంచ మార్కెట్‌లో ముడిచమురు ధర కుప్పకూలింది. ఆ తగ్గుదల జనానికి చేరలేదు. 2020 మే మొదటి వారంలో కేంద్రం పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు సుంకం పెంచింది. 2019-20లో సుమారు 2.4 లక్షల కోట్లున్న ఎక్సైజ్ రాబడి మరుసటి ఏడాది 3.9 లక్షల కోట్లకు ఎగబాకింది.

ఆ కాలంలో పేదలకు ఉచిత బియ్యం ఇచ్చారు, మేలు చేశారు. దాన్ని మేము కాదనం. కానీ డీజిల్ పెరిగితే ట్రాక్టరు దున్నకం కూలి పెరుగుతుంది, ఆటో చార్జీ పెరుగుతుంది, కూరగాయల బండి ధర పెరుగుతుంది. ఆ సుంకం కట్టేటప్పుడు రిటర్ను దాఖలు చేయనక్కరలేదు, మినహాయింపు అడిగే వీలూ లేదు. మన దేశంలో పేదలు పన్ను కట్టరన్న మాట అందుకే అబద్ధం. వారికి రశీదు ఉండదు, అంతే.

పన్ను వేయకపోతే మిగిలిన దారి అప్పు. అది కూడా అందరినీ ఒకేలా తాకదు. ప్రభుత్వ బాండ్లు కొనేది బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్య నిధులు. వాటిలో సామాన్యుల పొదుపూ ఉంది. కానీ పొదుపు ఎక్కువున్నవారికే వడ్డీ ఎక్కువ ముడుతుంది. సంపన్నుడి దగ్గర పన్నుగా తీసుకోని రూపాయిని అప్పుగా తీసుకొని, దానికి అందరి పన్నుల నుంచి వడ్డీ కట్టే పరిస్థితి వస్తుంది. ఖర్చులో నాలుగో వంతు వడ్డీకే పోతున్న దేశానికి ఇది చిన్న విషయం కాదు.

నెహెమ్యా చూపిన దారి

పరిశుద్ధ గ్రంథం బడ్జెట్ పుస్తకం కాదు. ఆదాయపు పన్ను 30 శాతం ఉండాలా, 40 శాతం ఉండాలా అని అందులో వెతకకూడదు. కానీ నెహెమ్యా గ్రంథం అయిదవ అధ్యాయం ఈ సందర్భంలో తప్పక చదవాలి. యెరూషలేము గోడ కడుతున్న రోజుల్లో పేద కుటుంబాలు మొరపెట్టుకున్నాయి. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టామన్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామన్నారు. పిల్లలను దాసులుగా అప్పగించే స్థితి వచ్చిందన్నారు. గమనించండి, అక్కడి పేదలు కూడా పన్ను కట్టడానికే అప్పు చేశారు, అప్పు ఇచ్చినది సొంత జనంలోని ధనవంతులే.

నెహెమ్యా మొదట ఆ లెక్కలు వినాడు, కోపగించాడు, ఆలోచించాడు. తర్వాత ప్రధానులను, అధికారులను సమాజం ముందు నిలబెట్టి, తీసుకున్న పొలాలను, వడ్డీని తిరిగి ఇప్పించాడు. మూడో పని అందరూ మరిచిపోయేది. అధిపతిగా తనకు రావలసిన భత్యాన్ని పన్నెండు సంవత్సరాలు ముట్టుకోలేదు, జనం మీద భారం అప్పటికే ఎక్కువని. ఉన్నవారిని అడిగే ముందు పాలకుడు తన పళ్లెం చూసుకున్నాడు. రెహబాము ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. భారం తగ్గించమని వేడుకున్న జనానికి మరింత బరువు వేస్తానన్నాడు, రాజ్యం రెండు ముక్కలైంది.

ఆ వెలుగులో మేము కోరేవి ఇవి. షేర్ల లాభాలు ఒక పెద్ద పరిమితి దాటిన చోట సర్‌చార్జీకి ఉన్న గొడుగు తీసేయాలి. అధిక ఆదాయాలపై ఏ పెంపు చేసినా సర్‌చార్జీగా కాక మూలరేటులో చేయాలి, అప్పుడే రాష్ట్రాలకు వాటా వస్తుంది. దున్నుకొని బతికే రైతు జోలికి పోకుండా, వ్యవసాయ ఆదాయమన్న ముసుగులో ఇతర సంపాదన దాచేవారిని పట్టుకోవాలి. ఇలా వచ్చిన డబ్బును కొత్త ఎన్నికల వరాలకు కాక అప్పు తగ్గించడానికి వాడాలి. ప్రచారానికి, ఆడంబరాలకు పెట్టే ఖర్చు ముందు తగ్గాలి. ఇంధనం మీద, మద్యం మీద ఆధారపడడం ఏటేటా తగ్గాలి.

మనవైపు కూడా ఒక మాట. ధనవంతుడంటే ఎప్పుడూ మనకంటే ఎక్కువ ఉన్నవాడే అనుకుంటాం. దేశంలో తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 2 లక్షలు. నెలకు లక్ష జీతం వచ్చే ఇల్లు మధ్యతరగతి అనుకుంటుంది, కానీ తలసరి సగటుకు ఆరు రెట్లు పైనుంది. అంబానీ ఎంత కట్టాలో లెక్కలు వేసే మనం ఫ్లాటు రిజిస్ట్రేషన్‌లో సగం సొమ్ము నల్లగా ఇవ్వకూడదు. రశీదు లేకుండా ఫీజు పుచ్చుకునే వైద్యుడు, బిల్లు లేకుండా సరుకు అమ్మే వర్తకుడు, లెక్క చూపని సంఘ పెద్ద కూడా ఈ లోటులో భాగస్థులే. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతడు రోమా పన్ను విధానం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, తన పుస్తకం తెరిచి ఎవరికి ఎంత తిరిగి ఇవ్వాలో చెప్పాడు.

అధికారుల కొరకు ప్రార్థించడం మన బాధ్యత. బడ్జెట్ రోజున ఆ ప్రార్థనలో ఒక ప్రశ్న కూడా కలపండి: ఈ ఏడాది లోటు పూడ్చడానికి తెచ్చిన రూపాయి ఎవరి ఇంటి నుంచి వచ్చింది? మీ లోక్‌సభ సభ్యుడు, శాసనసభ్యుడు ఊరికి వచ్చినప్పుడు అదే ప్రశ్న ఆయననూ అడగండి. అడిగేవారు ఉన్నచోటే లెక్క చెప్పేవారు తయారవుతారు.